థ్రాటిల్ ఆడించడం ప్రైమింగ్ కాదు

“ఇంజన్ చల్లగా ఉందా? థ్రాటిల్ రెండు మూడు సార్లు ఆడించి సెల్ఫ్ కొట్టు, అదే అందుకుంటుంది.” పుష్పక్ విమానాల కాలం నుంచి మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఈ మాట ఒకరి నోటి నుంచి ఒకరికి అందుతూనే ఉంది. చెప్పేవాళ్లు తక్కువవాళ్లేమీ కారు. వేల గంటలు ఎగిరినవాళ్లు, ఇంజన్ చప్పుడు విని ఏ ప్లగ్గు పనిచేయడం లేదో చెప్పగలిగినవాళ్లు. పెద్దల మాట చద్దిమూట అనుకుని కుర్రవాళ్లు అలాగే నేర్చుకుంటారు, రేపు ఇంకొకరికి అలాగే నేర్పుతారు. ఆ పెద్దల మీద గౌరవం తగ్గించుకోకుండానే చెబుతున్నాను: ఈ సలహా కొన్ని ఇంజన్ల మీద ఉత్త దండగ, కొన్నింటి మీద నిప్పుతో చెలగాటం. దాని వెనక ఇంకో నమ్మకం ఉంది, అది మరీ చెడ్డది. ఇంజన్ అందుకుందంటే స్టార్టింగ్ సరిగ్గా జరిగినట్టే అన్నది ఆ నమ్మకం.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మనలో చాలామందికి పెట్రోలు ఇంజన్‌తో తొలి పరిచయం బజాజ్ చేతక్ దగ్గర. చలి పొద్దున బండిని ఓ పక్కకి వంచి, చోక్ లాగి, నాలుగు కిక్కులు కొడితే పొగ కక్కుతూ అందుకునేది. ఆ బడిలో చదువుకున్నవాడికి మొరాయించే ఇంజన్‌కి మందు ఒక్కటే, ఇంకాస్త పెట్రోలు. కానీ చల్లని విమానం ఇంజన్‌కి సాధారణంగా పెట్రోలు కొరత ఉండదు. ఉండేది ఆవిరి కొరత. ద్రవంగా ఉన్న పెట్రోలు మండదు, దాని ఆవిరి మండుతుంది. అదీ గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య కలిసినప్పుడే. చలిదేశాల్లో కార్ల పెట్రోలును శీతాకాలానికి తేలిగ్గా ఆవిరయ్యేలా మార్చి అమ్ముతారు. విమానాల పెట్రోలుకు, అంటే 100ఎల్ఎల్‌కి, అలాంటి చలికాలపు రకం లేదు. పైకి వెళ్లాక గొట్టాల్లోనే మరిగిపోకూడదని దాని ఆవిరి పీడనాన్ని కావాలనే తక్కువగా, 38 నుంచి 49 కిలోపాస్కల్ మధ్య కట్టడి చేశారు. ఆకాశంలో మనల్ని కాపాడే ఆ గుణమే చలి పొద్దున నేల మీద మనకు అడ్డం తిరుగుతుంది. ఆవిరి కానని మొండికేసే పెట్రోలును ఇంకో గుక్కెడు పోసినంత మాత్రాన మండే మిశ్రమం తయారవదు. ఆ గుక్కెడు ఎక్కడ పడుతుంది, ఎలా పడుతుంది అన్నదే అసలు విషయం.

ఎక్కడ పడుతుందో చూద్దాం. శిక్షణకు వాడే సెస్నా 152, పాత సెస్నా 172 విమానాల్లో కార్బ్యురేటర్ ఇంజన్ పొట్ట కింద వేలాడుతుంది. గాలి కింది నుంచి పైకి వెళ్లాలి, పెట్రోలు ఆ గాలితో పాటు పైకి ఎక్కాలి. అందులో ఆక్సిలరేటర్ పంపు అని చిన్న పిచికారీ ఉంటుంది. థ్రాటిల్‌ను గబుక్కున ముందుకు తోస్తే అది పచ్చి పెట్రోలును కార్బ్యురేటర్ గొంతులోకి చిమ్ముతుంది. ఎగురుతున్నప్పుడు అది మేలే. ఒక్కసారిగా థ్రాటిల్ తెరిచినా ఇంజన్ తడబడకుండా ఆ చిమ్మిన పెట్రోలు ఆదుకుంటుంది, ఎందుకంటే అప్పటికే గాలి పైకి ఉరుకుతూ ఉంటుంది. ప్రొపెల్లర్ ఆగి ఉన్నప్పుడో? గాలి కదలదు. చిమ్మిన పెట్రోలుకు పైకెక్కే దారి లేదు, కిందికి జారుతుంది. కార్బ్యురేటర్ కింద ఉన్న గాలిపెట్టెలో చేరుతుంది, ఫిల్టర్‌ను తడుపుతుంది, ఇంకా మిగిలితే కారిపోతుంది. అలా ఆడించిన తర్వాత ముక్కు కింద వంగి చూడండి. 100ఎల్ఎల్‌కి నీలం రంగు కలుపుతారు కాబట్టి కౌలింగ్ అంచు నుంచి ముందు చక్రం మీదికి బొట్లుబొట్లుగా పడే ఆ నీలం తేలిగ్గానే కంటబడుతుంది. సిలిండర్‌కి అందిందని మనం సంతోషించిన పెట్రోలు అదే.

ప్రైమర్ సంగతి వేరు. డాష్‌బోర్డు ఎడమ వైపు కింద ఉండే ఆ చిన్న గుండీని తిప్పి, తాళం విప్పి, నిదానంగా వెనక్కి లాగాలి. పెట్రోలు నిండుతున్నప్పుడు వేళ్లకు కాస్త బరువు తెలుస్తుంది. నిండాక గట్టిగా, ఒక్క ఊపున లోపలికి తోయాలి. ఆ తోపుతో పెట్రోలు సన్నటి గొట్టం గుండా వెళ్లి, సిలిండర్ హెడ్‌లో ఇన్‌టేక్ వాల్వు పక్కనే తుంపరలుగా పడుతుంది. తుంపర ఎంత సన్నగా ఉంటే అంత తేలిగ్గా ఆవిరవుతుంది కనుకే తోపు గట్టిగా ఉండాలని సెస్నా హ్యాండ్‌బుక్ ప్రత్యేకంగా చెబుతుంది. బద్ధకంగా లాగి బద్ధకంగా తోస్తే పడేవి చుక్కలే. ఇక కార్బ్యురేటర్ దారిలో వచ్చే పెట్రోలు ఎంత దూరం ప్రయాణించాలో చూడండి. లైకమింగ్ ఓ-320 లాంటి ఇంజన్లలో ఇన్‌టేక్ గొట్టాలు ఆయిల్ సంప్ లోపలి నుంచి వెళతాయి. ఇంజన్ వేడెక్కాక ఇది మంచి ఏర్పాటు, వేడి ఆయిల్ మిశ్రమాన్ని వెచ్చబెడుతుంది. రాత్రంతా మంచులో నిలబడ్డ ఇంజన్‌లో అదే సంప్ గడ్డకట్టినంత చల్లటి దిమ్మ. కాస్తో కూస్తో ఆవిరైన పెట్రోలు కూడా ఆ గోడలకు తగిలి మళ్లీ ద్రవమైపోతుంది.

పని అయ్యాక ప్రైమర్‌ను పూర్తిగా లోపలికి నొక్కి, తిప్పి తాళం వేయడం మరిచిపోతే ఇంజన్ దాని గుండానే పెట్రోలు పీల్చుకుంటుంది. మిశ్రమం చిక్కనై ఇంజన్ దడదడలాడుతుంది. “కార్బ్యురేటర్‌లో ఏదో ఉంది సార్” అని రిపోర్టు రాసి, చివరికి గుండీ తిప్పితే నయమైన సందర్భాలు ప్రతి హ్యాంగర్‌లోనూ చెప్పుకుంటారు.

ఇప్పుడు మంట సంగతి. చల్లటి ఇంజన్‌లో సిలిండర్‌కి అందిన మిశ్రమం తరచుగా పలచగా ఉంటుంది. పలచటి మిశ్రమం నెమ్మదిగా మండుతుంది. ఎంత నెమ్మదిగా అంటే, తర్వాతి విడతకు ఇన్‌టేక్ వాల్వు తెరుచుకునే సరికి కూడా సిలిండర్‌లో ఇంకా నిప్పు మిగిలే ఉంటుంది. ఆ నిప్పు తెరుచుకున్న వాల్వు గుండా వెనక్కి, గొట్టంలోకి, కార్బ్యురేటర్ వైపు ఎగదన్నుతుంది. బ్యాక్‌ఫైర్ అంటే అదే. కింద గాలిపెట్టె పొడిగా ఉంటే టప్‌మని ఒక చప్పుడు, అంతే. మనం ముందే అక్కడ పెట్రోలు పోసి ఉంచితే? థ్రాటిల్ ఆడించే అలవాటులోని అసలు దోషం ఇదే. సిలిండర్‌లో ఉండాల్సిన పెట్రోలును అక్కడ లేకుండా చేసి బ్యాక్‌ఫైర్‌కు దారి తీస్తుంది, ఆ బ్యాక్‌ఫైర్‌కు కావలసిన ఇంధనాన్ని సరిగ్గా అది వచ్చే దారిలో కాచి ఉంచుతుంది. స్టార్టింగ్‌లో అంటుకున్న చిన్న విమానాల మీద అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ రాసిన నివేదికల్లో అతి ప్రైమింగ్ అన్న కారణం మళ్లీ మళ్లీ కనబడేది ఇందుకే.

ఇక్కడ ఎదుటివాళ్లు తమ బ్రహ్మాస్త్రం తీస్తారు. “హ్యాండ్‌బుక్‌లోనే ఉంది కదా!” ఉంది. దాచాల్సిన పని లేదు. సెస్నా 172ఎన్ హ్యాండ్‌బుక్‌లో, ముందుగా వెచ్చబెట్టకుండా చలిలో స్టార్ట్ చేసే పద్ధతి కింద, థ్రాటిల్‌ను రెండుసార్లు పూర్తిగా తెరిచి మూయమని ఉంది. కానీ ఆ వాక్యాన్ని ఒక్కదాన్నే చింపి జేబులో పెట్టుకున్నవాళ్లు దాని ముందు వెనకలు చదివారా? దానికి ముందు, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పుతూ ప్రైమర్‌ను ఆరు నుంచి పది సార్లు కొట్టాలని ఉంది. అంటే అక్కడ కూడా ప్రైమింగ్ చేసేది ప్రైమరే. దాని తర్వాత ఒక హెచ్చరిక ఉంది: థ్రాటిల్ ఆడిస్తే పచ్చి పెట్రోలు గాలి మార్గంలో చేరవచ్చు, బ్యాక్‌ఫైర్ వస్తే అంటుకునే ప్రమాదముంది, అంటుకుంటే సెల్ఫ్ ఆపకుండా తిప్పుతూ మంటను లోపలికి లాగాలి, వెచ్చబెట్టకుండా స్టార్ట్ చేసేటప్పుడు బయట ఒక మనిషి మంటలార్పే సిలిండర్‌తో నిలబడడం మంచిది. ఆ మనిషిని నిలబెట్టి థ్రాటిల్ ఆడించేవాళ్లతో నాకు పేచీ లేదు. వెచ్చబెట్టిన ఇంజన్‌కు రాసిన పద్ధతిలో థ్రాటిల్ ఆడించే మాటే లేదన్నది కూడా గమనించాలి. గత్యంతరం లేనప్పుడు, కాపలా పెట్టుకుని చేయమన్న పనిని, కాపలా తీసేసి రోజూ చేసే పనిగా మార్చుకున్నాం. ఆపైన పుస్తకాన్నే సాక్ష్యానికి పిలుస్తున్నాం.

మరీ తప్పనిసరై ఆడించాల్సి వస్తే ప్రొపెల్లర్ తిరుగుతుండగా, కొంచెం కొంచెంగా ఆడించాలి. గాలి కదులుతుంటే చిమ్మిన పెట్రోలు దానితో పైకి పోతుంది. చెయ్యి చేసేది అదే పని, చేసే వేళ మారింది, ప్రమాదమూ మారింది.

పైగా థ్రాటిల్ ఆడించమన్న సలహా అన్ని ఇంజన్లకూ వర్తించదు కూడా. పైపర్ కబ్ లాంటి పాత విమానాల్లో వచ్చే స్ట్రోంబర్గ్ కార్బ్యురేటర్‌కు ఆక్సిలరేటర్ పంపే లేదు. అక్కడ థ్రాటిల్ ఎంత ఆడించినా చెయ్యి నొప్పే మిగులుతుంది. 1990ల చివర్లో వచ్చిన సెస్నా 172ఆర్, ఆ తర్వాతి 172ఎస్‌లలో కార్బ్యురేటరే లేదు, ఇంజెక్షన్. అక్కడ ప్రైమింగ్ అంటే ఎలక్ట్రిక్ పంపు వేసి, పెట్రోలు ప్రవాహం స్థిరపడే దాకా మూడు నుంచి ఐదు సెకన్లు మిక్చర్‌ను పూర్తిగా ముందుకు తోసి, మళ్లీ వెనక్కి లాగేయడం. రోటాక్స్ 912 ఇంజన్ ఇంకా తమాషా. దాని చోక్ థ్రాటిల్ మూసి ఉంటేనే పనిచేస్తుంది. చలిలో మొరాయిస్తోందని థ్రాటిల్ తెరిచినవాడు తన చేత్తోనే చోక్‌ను పనిచేయకుండా చేస్తాడు, ఆ తర్వాత ఇంజన్‌ను తిడతాడు.

“ఇదంతా కెనడా గొడవ, హైదరాబాద్‌లో మనకెందుకు?” అన్న ప్రశ్న సబబే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇక్కడ 10, 12 డిగ్రీలు ఉంటే మనకు గొప్ప చలి. ఆ చలికి హీటర్లు అక్కర్లేదు. కానీ ఇక్కడి తప్పు రెండో వైపు నుంచి వస్తుంది. చలి వేస్తోంది కాబట్టి ఇంజన్‌కీ వేస్తోందనుకుని ఎక్కువగా ప్రైమ్ చేస్తాం. మామూలు స్టార్టింగ్‌కు 172ఎన్ పుస్తకం చెప్పేది రెండు నుంచి ఆరు సార్లు, ఇంజన్ వెచ్చగా ఉంటే అసలు వద్దు. ముందు విద్యార్థి దిగి పావుగంట కూడా కాని విమానాన్ని కొత్తగా వచ్చినవాడు “పొద్దున కదా” అని మళ్లీ నాలుగు కొట్టడం, పైన థ్రాటిల్ ఆడించడం మామూలే. అదనపు పెట్రోలు సిలిండర్ గోడల మీదున్న ఆయిల్ పొరను కడిగేస్తుంది. పిస్టన్ రింగులు కాసేపు పొడి లోహం మీద రాసుకుంటాయి. ఆ నష్టం ఆ రోజు ఏ మీటరులోనూ కనబడదు. ఇంకో మాట, ఇక్కడ నేర్చుకున్న చెయ్యి ఇక్కడే ఉండిపోదు. మన పిల్లలు లైసెన్సుల కోసం కెనడా, అమెరికా వెళుతున్నారు. మైనస్ 20లో నిలబడ్డ విమానం దగ్గరికి ఆ చెయ్యి ఆ అలవాటుతోనే వెళుతుంది.

మంట అంటుకున్నప్పుడు ఆ అలవాటు ఇంకో కీడు చేస్తుంది. కౌలింగ్ కింద నిప్పు కనబడగానే మనిషి సహజంగా చేసే పని సెల్ఫ్ వదిలేసి తలుపు తీయడం. సరైన పని అందుకు పూర్తిగా వ్యతిరేకం. సెల్ఫ్ తిప్పుతూనే ఉండాలి. ఇంజన్ గాలి పీలుస్తున్నంత సేపూ మంటా, మిగిలిన పెట్రోలూ కార్బ్యురేటర్ గుండా సిలిండర్లలోకి పోతాయి, అవి మండాల్సిన చోటు అదే. ఇంజన్ అందుకుంటే కొన్ని నిమిషాలు 1700 ఆర్‌పీఎమ్ దగ్గర నడిపి, ఆపి, నష్టం చూడాలి. అందుకోకపోతే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, మిక్చర్ కట్ చేసి, ఇంకా తిప్పుతూనే ఉండాలి. ఈలోపు బయటి మనిషి మంటలార్పే సిలిండర్ అందుకుంటాడు. ఆ తర్వాతే స్విచ్చులు ఆపడం, పెట్రోలు కట్టేయడం, దిగిపోవడం. ఇది చెక్‌లిస్టులో రాసి ఉంది, పరీక్షలో అప్పజెప్పించుకుంటారు కూడా. కానీ స్టార్టింగ్‌ను ఒక చేతి కిటుకుగా నేర్చుకున్నవాడికి ఆ రెండు సెకన్లలో గుర్తొచ్చేది కిటుకే. పెట్రోలు ఎక్కడుందో మనసులో బొమ్మ ఉన్నవాడికి మాత్రం సెల్ఫ్ ఎందుకు వదలకూడదో ఒకరు చెప్పాల్సిన పని ఉండదు.

ఇక “అందుకుందిగా, ఇంకేం?” అన్న మాటకొద్దాం. లైకమింగ్ తన చాలా ఇంజన్లను మైనస్ 12 డిగ్రీల కంటే చలిగా ఉంటే వెచ్చబెట్టమంటుంది. కాంటినెంటల్ అయితే మైనస్ 7 దగ్గర రెండు గంటలు నిలబడ్డా వెచ్చబెట్టమంటుంది. ఇది స్టార్ట్ అవ్వదన్న భయంతో చెప్పిన మాట కాదు. స్టార్ట్ అవుతుందేమో అన్న భయంతో చెప్పిన మాట. క్రాంక్‌కేసు అల్యూమినియం, లోపలి క్రాంక్‌షాఫ్ట్ ఉక్కు. చలికి అల్యూమినియం ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి బేరింగుల దగ్గర ఉండాల్సిన సందు తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆయిల్ పాకంలా చిక్కబడి ఆ ఇరుకు సందుల్లోకి వెళ్లనంటుంది. అందుకున్న ఇంజన్ సంతోషంగా తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ సూది మాత్రం అడుగునే ఉంటుంది. వేసవిలో అర నిమిషంలో, గట్టి చలిలో దానికి రెట్టింపు వ్యవధిలో అది లేవాలి, లేవకపోతే ఆపేయాలి. ఆ సూదిని చూడకుండా “వేడెక్కుతుందిలే” అని 1800కి లేపేవాళ్లను ఏమనాలి? ఇంజన్ ఓవర్‌హాల్ ఖర్చు వాళ్ల జేబులోంచి పోదు కాబట్టి సరిపోయింది.

సిలిండర్ల మీదికి పది నిమిషాలు వేడి గాలి కొట్టి, హెడ్ టెంపరేచర్ చూసి వెచ్చబడిందనుకోవడం ఇందులో మధ్యేమార్గపు తప్పు. హెడ్లు వెచ్చబడితే ఇంజన్ తేలిగ్గా అందుకుంటుంది. సంప్‌లో ఆయిల్, నడుమ బేరింగులు ఇంకా మంచులోనే ఉంటాయి. అంటే చెడగొట్టడానికి కావాల్సినంత వెచ్చదనం మాత్రం ఇచ్చామన్నమాట.

“పూర్వం హీటర్లు ఉండేవా? అలాస్కాలో ఎగరలేదా?” అని అడిగే పెద్దలున్నారు. చరిత్ర వాళ్ల పక్షాన లేదు. 1920లు, 30లలో అలాస్కాలో, ఉత్తర కెనడాలో ఎగిరిన పైలట్లు సాయంత్రం దిగగానే వేడి ఆయిల్‌ను డబ్బాలోకి దించేసి గుడిసెలోకి తీసుకుపోయేవారు. పొద్దున్నే ఇంజన్ మీద మందపాటి కాన్వాస్ కప్పి, దాని కింద బ్లో పాట్ వెలిగించి, అది గుడ్డకు అంటుకోకుండా పక్కనే కాపలా కూర్చునేవారు. ఈలోపు స్టవ్ మీద కాచిన ఆయిల్‌ను తెచ్చి ఇంజన్‌లో పోసేవారు. ఎగరడానికి ముందు గంటల పని అది. ఈనాటి పైలట్ ప్లగ్గు గుచ్చి వదిలేసే ఎలక్ట్రిక్ హీటర్‌ను వాళ్లకు చూపిస్తే కళ్లకద్దుకునేవారు. వెచ్చబెట్టడం మెత్తనివాళ్ల పనని వాళ్లలో ఎవరూ అనుకోలేదు.

చివరిగా, రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోయిన ఇంజన్ సంగతి. గట్టి చలిలో ఆ కాస్త మండడంలో పుట్టిన నీటి ఆవిరి ప్లగ్గుల కొసల మీద మంచుగా పేరుకుంటుంది. ఆ తర్వాత నిప్పురవ్వ పుట్టదు. దగ్గు ప్రతిసారీ బలహీనపడుతుంటే ప్లగ్గులకు మంచు పట్టిందని అర్థం, మళ్లీ వెచ్చబెట్టే దాకా ప్రయత్నించవద్దని హ్యాండ్‌బుక్ స్పష్టంగా చెబుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మన కిటుకు వీరుడు థ్రాటిల్ ఇంకా వేగంగా ఆడిస్తాడు, బ్యాటరీ నీరసించాక కిందికి దిగి ప్రొపెల్లర్ చేత్తో తిప్పుతాడు. తాళం ఆఫ్‌లో ఉంది కదా అని ధీమా. ప్లగ్గులకు రవ్వ ఇచ్చే మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదు. దాన్ని ఆపే సన్నటి తీగ ఒకటి తెగి ఉంటే తాళం ఎలా ఉన్నా అది బతికే ఉంటుంది. అందులోని ఇంపల్స్ కప్లింగ్ చేతి వేగానికి కూడా మంచి రవ్వ ఇచ్చేలా తయారైంది. లోపల అప్పటికే పోసిన పెట్రోలు ఉండనే ఉంది. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పమన్న పుస్తకం కూడా దాన్ని తిప్పేవాడు ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నట్టే భావించి మెలగాలంటుంది.

అలాంటి చలి పొద్దున “ప్లగ్గులకు మంచు పట్టింది, హీటర్ పెట్టాలి, ఈ స్లాట్‌లో ఎగరడం కుదరదు” అని చెప్పిన విద్యార్థికి ఆ గంట ఫీజు వేయకూడదు. వెచ్చబెట్టే సమయం స్లాట్‌లోనే కలిసి ఉండాలి, దాని ఖర్చు స్కూలు భరించాలి. ఆ గంట తన ఖాతాలో పడుతుందని తెలిసినంత కాలం ఏ కుర్రవాడూ హీటర్ అడగడు, థ్రాటిలే ఆడిస్తాడు.